బంగారు గడప



మన పల్లెలలో ఎవరైనా కొత్త ఇల్లు కడుతూ ద్వారబంధము నిలబెట్టే రోజున అయ్యగారిని పిలిపించి ప్రార్థన చేయించుకోవడము వాడుక. గోడలు లేవకముందే, పైకప్పు పడకముందే వాకిలికి ప్రార్థన జరుగుతుంది. పక్కింటివారు గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టుకుంటే, మనవారు వాకిలి పైన వాక్యము రాయించుకుంటారు. తన మాటలను ఇంటి ద్వారబంధముల మీద రాసుకొమ్మని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన సంగతి ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో ఉన్నది గనుక దీనికి ఆధారము లేకపోలేదు. అయితే గడప సంగతి అంతటితో తీరదు. "నీ గడప తొక్కను" అని ఒకరు అన్నారంటే అక్కడికి చుట్టరికము తెగినట్టే. మన తాతలు, అవ్వలు చాలామంది పెద్ద ఇండ్ల గడపకు ఇవతలనే నిలబడి, కూలి గింజలు కొంగులో పోయించుకొని వచ్చినవారు. లోపల ఎన్ని గదులున్నాయో వారికి తెలియదు. ఎవరి ఇంటి గడప లోపలికి ఎవరు రావచ్చుననే లెక్క మన దేశములో అన్ని లెక్కలకంటె పాతది.

ఈ నెల ఒక ఇంటిని గూర్చి రాయాలని ఉన్నది. ఆ ఇంటి పేరే గడప. హైదరాబాదులో నాంపల్లి స్టేషను నుండి అబిడ్స్ వైపు వచ్చే రోడ్డులో ఉన్న "గోల్డెన్ త్రెషోల్డ్", అంటే బంగారు గడప. సరోజినీ నాయుడు గారి కుటుంబము నివసించిన ఇల్లు అది. 1905లో లండనులో అచ్చయిన ఆమె మొదటి కవితల పుస్తకము పేరునే ఆ ఇంటికి పెట్టుకున్నారు.

మా పాస్టరేటులోని ఒక పెండ్లి మాటల నిమిత్తము, అమ్మాయి తండ్రితో కలిసి నంద్యాల బస్సులో కర్నూలు మీదుగా హైదరాబాదు వెళ్ళవలసి వచ్చింది. అబ్బాయి తండ్రి మేస్త్రీ పని చేస్తాడు, సాయంత్రము గాని ఇంటికి రాడు. పగలంతా ఖాళీ. హోటలులో కూర్చుని టీలు తాగడముకంటె మంచిదని ఆ అన్నను ఈ ఇంటికి తీసుకొని వెళ్ళాను.

రోడ్డు మీద ఆటోల మోత, దుకాణాల బోర్డులు. ఆవరణలో అడుగు పెడితే చెట్ల నీడ, పాత బంగళా, వరండా. కావలి మనిషిని అడిగి అక్కడే కాసేపు కూర్చున్నాము. ఈ ఇల్లు ఇప్పుడు హైదరాబాదు విశ్వవిద్యాలయము వారిది. 1974లో ఆ విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు గచ్చిబౌలిలో భవనాలు లేవు. సరోజినీ గారి కుమార్తె పద్మజా నాయుడు గారి ద్వారా వచ్చిన ఈ ఇంట్లోనే పని మొదలుపెట్టారు. 2012లో విశ్వవిద్యాలయము వారి నాటక కార్యక్రమము ఒకటి ఇక్కడ ఆరంభమయింది. నగరము నడిబొడ్డున ఇంత స్థలము, ఇన్ని చెట్లు మిగలడము చిన్న విషయము కాదు. చుట్టూ చూస్తే తెలుస్తుంది.

కవుల ఇండ్లను కాపాడుకోవడము తెల్లవారికి బాగా అలవాటు. కాల్పనిక కవులలో పెద్దవాడైన వర్డ్స్‌వర్త్ 1799 నుండి 1808 వరకు గ్రాస్మియర్ అనే పల్లెలో ఉన్న చిన్న ఇంటిని 1890లో కొని కాపాడుకున్నారు. కీట్స్ 1821లో రోము నగరములో 25 ఏండ్లకే క్షయతో చనిపోయిన ఇల్లు 1909 నుండి సందర్శకులకు తెరిచి ఉన్నది. ఈ కవుల తెగ వారినే మన తెలుగులో భావకవులన్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి పేరు రేడియో విన్నవారందరికీ తెలుసు. సరోజినీ గారు ఇంగ్లీషులో రాసినా ఆమెదీ అదే తెగ: పూలు, వెన్నెల, విరహము, పాటలాగా సాగే పంక్తులు.

ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులోనే పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ గారు బెంగాలీ బ్రాహ్మణుడు, బ్రహ్మసమాజము వారు. ఎడింబరోలో చదివి సైన్సులో డాక్టరు పట్టా పొంది వచ్చి, నిజాము రాజ్యములో ఇంగ్లీషు చదువులకు పునాది వేశారు. ఆయన నడిపిన హైదరాబాదు కాలేజియే తరువాత నిజాం కాలేజి అయింది. 1883లో చందా రైల్వే వ్యవహారములో ప్రభుత్వము తప్పును ఎత్తి చూపినందుకు ఆయనను ఉద్యోగము నుండి తొలగించి ఊరు దాటించారు. తరువాత వారే మళ్ళీ పిలిపించుకున్నారు. అంత నిక్కచ్చి మనిషి. ఆ ఇంటికి హిందువులు, ముసల్మానులు, పారసీలు, క్రైస్తవులు వచ్చి పోతూ ఉండేవారు. తరువాతి రోజుల్లో గాంధీగారు కూడా హైదరాబాదు వచ్చినప్పుడు సరోజినీ గారి ఇంటికి వచ్చారు.

పన్నెండేండ్లకే మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షలో మొదటి స్థానములో నిలిచిన ఆ పిల్లను 1895లో నిజాము గారి విద్యార్థి వేతనము మీద ఇంగ్లాండుకు పంపారు. అక్కడ ఎడ్మండ్ గాస్ అనే విమర్శకునికి తన కవితలు చూపించింది. వాటి నిండా ఇంగ్లాండు పిట్టలు, ఇంగ్లాండు కొండలు, చివరకు పల్లె చర్చి గంటలు కూడా ఉన్నాయట! ఆయన చదివి, ఇవి మాకు కొత్త కాదమ్మా, నీ దేశపు మనుష్యులను, నీ దేశపు పూలను, నీవాళ్ళ గుండెను మాకు చూపించు అనే అర్థము వచ్చేలా చెప్పాడు. ఆమె ఆ కవితలు పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టింది. ఈ సంగతి ఆయనే 1912లో ఆమె రెండవ పుస్తకమునకు రాసిన ముందుమాటలో చెప్పుకున్నాడు. మన సంఘాలవారు ఇది గమనించదగినది. అంతకు అరవై ఏండ్ల ముందే పురుషోత్తమ చౌదరి గారు ఏ తెల్లదొర చెప్పకుండానే మన రాగాలలో, మన తాళాలలో ప్రభువును కీర్తించారు. ఆయన 1803లో పుట్టి 1890లో ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ఆయన పాటలు తీసివేస్తే ఎంత వెలితి అవుతుందో పాడేవారికి తెలుసు.

మరలా సరోజినీ గారి విషయానికి వస్తాను. పల్లకీ బోయీలు, నేతగాండ్రు, గాజులమ్మేవారు, కోరమాండల్ తీరపు పల్లెకారులు, హైదరాబాదు బజారులు, ఇవన్నీ ఆమె కవితలలోకి వచ్చాయి. మన పిల్లలు ఇంగ్లీషు పాఠాలలో చదువుకుంటారు. అవి చెవికి ఎంతో ఇంపుగా ఉంటాయి. అయినా నాకు ఒక కొరత తోస్తుంది. పల్లకీ మోసేవారి పాట ఆమెకు వినిపించింది గాని, వారి భుజము మీది కాయ ఆమెకు కనిపించలేదు. పల్లకీ లోపలివారికి పాట ఒక్కటే వినబడుతుంది మరి. అయితే ఆమె అక్కడే ఆగిపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరము ముంచెత్తినప్పుడు బాధితులకు చేసిన సేవకు ప్రభుత్వము కైసర్-ఇ-హింద్ పతకము ఇచ్చింది. 1919లో జలియన్‌వాలాబాగు కాల్పుల తరువాత ఆమె దానిని తిప్పి పంపారు. 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలయ్యారు. 1930 మే నెలలో ధరాసనలో ఉప్పు కొఠారుల ముందు వాలంటీర్లను నడిపించి జైలుకు వెళ్ళారు. ఆ ఏడాదులలో కవిత్వము దాదాపు ఆగిపోయింది. స్వతంత్రము వచ్చాక ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా ఉంటూ 1949 మార్చి 2న లక్నోలో చనిపోయారు.

నేను ఆ అన్నతో వరండాలో కూర్చున్నప్పుడు ఈ విషయాలన్నీ చెప్పలేదు. చెప్పినది పెండ్లి సంగతి.

సరోజినీ గారు పదిహేనేండ్ల వయసులోనే గోవిందరాజులు నాయుడు గారిని ఇష్టపడ్డారు. ఆయన తెలుగువారు, డాక్టరు, వయసులో చాలా పెద్ద. ఈమె బెంగాలీ బ్రాహ్మణ కన్య. కులము వేరు, భాష వేరు. అంతటి సంస్కర్త ఇంట్లో కూడా వెంటనే ఒప్పుకోలేదు. పిల్లను సముద్రాలు దాటించి చదువుకు పంపారు. 1898లో ఆమె తిరిగి వచ్చాక, అదే సంవత్సరము డిసెంబరులో మద్రాసులో పెండ్లి జరిగింది. ఆ పెండ్లి జరిపించినది మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. అంటే తండ్రి మనసు గడప దాటడానికి మూడు నాలుగేండ్లు పట్టింది. దీనికి నేను అఘోరనాథ్ గారిని తక్కువ చేయను. ఊరివారి ముందు సంస్కరణ మాట్లాడడము ఒక ఎత్తు, ఇంటి పిల్ల ఎదురుగా నిలబడి అడిగినప్పుడు జవాబు చెప్పడము ఇంకొక ఎత్తు.

ఆ పెండ్లి 1872వ సంవత్సరపు 3వ చట్టము కింద జరిగింది. ఆ రోజులలో ఆ చట్టము ప్రకారము పెండ్లి చేసుకోవాలంటే వధూవరులు ఒక కాగితము మీద సంతకము పెట్టాలి. మేము హిందువులము కాము, ముసల్మానులము కాము, క్రైస్తవులము కాము అని రాసి ఇవ్వాలి! కులము గీత దాటడానికి మతమే లేదని చెప్పవలసిన గతి పట్టింది.

ఆ అన్న అంతా విని కొంతసేపు ఊరకున్నాడు. తరువాత అన్నాడు: "అయ్యగారూ, వాళ్ళు చదువుకున్నోళ్ళు, పెద్దోళ్ళు. వాళ్ళకు చెల్లుతాది. నేను రేపు ఊళ్ళో తల ఎత్తుకొని తిరగాల గదా."

"ఊళ్ళో అంటే ఎవరి ముందర అన్నా? రెడ్ల ముందరనా?"

"వాళ్ళకేం పట్టింది? మన గేరిలోనే."

"మన గేరిలో అంటే మనతో ఆదివారం గుడిలో కూచునేవాళ్ళే గదా."

దానికి ఆయన బదులు చెప్పలేదు. కొంతసేపటికి, "మా యమ్మ ఉంది అయ్యగారూ. ఆమె పాణముండగా ఆ ఇంటి గడప తొక్కదు" అన్నాడు.

పాఠకులకు విషయము అర్థమయ్యే ఉంటుంది. అమ్మాయి హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో నర్సు. అబ్బాయి అక్కడే ల్యాబులో పని చేస్తాడు. ఇద్దరి పెద్దలూ బండి ఆత్మకూరు చుట్టుపట్ల పల్లెలవారే, రెండు కుటుంబాలూ మూడు తరాల నుండి మా పాస్టరేటులోనివే. ఇద్దరూ ఒకే విధముగా బాప్తిస్మము పొందారు, ఒకే కోత పండుగకు కానుకలు తెచ్చారు. వేరుగా ఉన్నది గేరి మాత్రమే. ఆ రెండు గేరుల పేర్లు నేను రాయవలసిన పని లేదు. రాయలసీమలో ఏ సంఘము పాఠకుడైనా తన ఊరి పేర్లు అక్కడ పెట్టి చదువుకోగలడు. ఆ అవ్వను నేను ఎరుగుదును. ప్రార్థనాపరురాలు. ప్రభువు బల్ల దగ్గర ఆమె, ఆ అబ్బాయి నాయనమ్మ ఒకే పాత్రలో నుండి యాభై ఏండ్లు పుచ్చుకున్నారు. గుడిలో ఒకే పాత్ర. ఇంట్లో మాత్రము ఆమె ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఈమె ముట్టదు. వింతేమిటంటే, ఈ తక్కువ చూపు మనలను గడప బయట నిలబెట్టినవారి దగ్గర మనము నేర్చుకున్నదే. సువార్త వచ్చి నూట యాభై ఏండ్లు దాటినా ఆ పాఠము మరచిపోలేదు.

ఆ వరండాలో నాకు ఇంకొక కవి గుర్తుకు వచ్చాడు. ఆయన గుర్రం జాషువా గారు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. సరోజినీ గారు ఓడ ఎక్కిన సంవత్సరమే అది. తండ్రి వీరయ్య గారు యాదవ కుటుంబము వారు, తల్లి లింగమాంబ గారు మాదిగ కుటుంబము వారు, క్రైస్తవ దంపతులు. అంటే సరోజినీ గారి పెండ్లికి ముందే, ఏ కాలేజీ చదువూ లేని ఒక పల్లె క్రైస్తవ జంట ఆ గడప దాటారు. దాని ఫలితము కొడుకు అనుభవించాడు. బడిలో అవమానము, సభలలో అవమానము. పైగా హిందూ పురాణ కథలతో పద్యాలు రాస్తున్నాడని మనవారే ఆయన మీద నేరము మోపారు. ఆయన 1941లో రాసిన "గబ్బిలం" కావ్యమును చాలామంది విన్నారు, చదివినవారు తక్కువ. కాళిదాసు మేఘమును దూతగా పంపితే, జాషువా గారి అంటరాని పేదవాడు గబ్బిలమును పంపుకుంటాడు. కారణము గడపయే. తనకు గుడి గడప దాటే హక్కు లేదు. గబ్బిలము ఏ తలుపూ అడగకుండా దేవుని చెవి దగ్గర తలకిందులుగా వేలాడగలదు. పల్లకీలో కూర్చుని పాట విన్న కవికీ, గడప బయట నిలబడి రాసిన కవికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. 1964లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది "క్రీస్తు చరిత్ర" కావ్యమునకు. మన ఇండ్లలో ఆ పుస్తకము ఎన్ని ఇండ్లలో ఉన్నదో చూసుకుంటే మంచిది.

ఆయన కుమార్తె హేమలత గారు 1960లో సేవాగ్రాములో గోరా గారి కుమారుడు లవణం గారిని పెండ్లి చేసుకున్నారు. గోరా గారు పుట్టుక చేత బ్రాహ్మణుడు, నమ్మకము చేత నాస్తికుడు. నాస్తికుల ఇంటికి పిల్లను ఇవ్వడము సబబా అని పాస్టరుగా నన్ను అడిగితే నా జవాబు వేరుగా ఉంటుంది, అది ఇంకొక నెల మాట్లాడుకోవచ్చు. కాని ఆ తండ్రి కులము అడ్డుగా పెట్టలేదు. ఆ తరువాత ఆ దంపతులు స్టూవర్టుపురములో దొంగతనాల ముద్ర పడినవారి మధ్య, జోగినీల మధ్య చేసిన సేవ అందరికీ తెలిసినదే.

"బైబిలులో ఉందా అయ్యగారూ, వేరే జాతి పిల్లను చేసుకున్నట్టు?" అని ఆ అన్న అడిగాడు. ఉన్నది. మోషే కూషు దేశపు స్త్రీని చేసుకున్నాడని అతని సొంత అక్క మిర్యాము, అన్న అహరోను సణిగారు. సంఖ్యాకాండము 12వ అధ్యాయము చదవండి. దేవుడు పెండ్లికొడుకును ఏమీ అనలేదు. సణిగిన మిర్యాముకు కుష్ఠు పుట్టి ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలసి వచ్చింది. ఎవరిని బయట పెట్టాలని నోరు తెరిచిందో ఆ చోటికి తానే వెళ్ళింది. అయితే అక్కడ ఇంకొక మాట ఉన్నది. ఆమె తిరిగి లోపలికి వచ్చేవరకు జనులంతా ప్రయాణము ఆపుకొని ఎదురు చూశారు. ఆమెను వదిలి ముందుకు పోలేదు. ఆ అవ్వను తలచుకొన్నప్పుడు నాకు ఈ రెండవ మాటే ఎక్కువ అవసరమనిపించింది.

సాయంత్రము అబ్బాయి వారి ఇంటికి వెళ్ళాము. రెండు గదుల అద్దె ఇల్లు. వారి వైపునా అభిమానాలు ఉన్నాయి. "రేపు మా బిడ్డను మీ ఊళ్ళో మంచం మీద కూచోనిస్తారా?" అని తల్లి నిలదీసింది. అడగవలసిన ప్రశ్నే. టీ ఇచ్చారు. ఆ అన్న గ్లాసును ఒక క్షణము చేతిలో పట్టుకొని తరువాత తాగాడు. ఇంటి లోపల కూర్చునే తాగాడు.

తిరుగు బస్సులో ఆయన నన్ను ఇంకొక ప్రశ్న అడిగాడు. పెండ్లి రిజిస్టరులో కులము రాయాలా అని. రాయనక్కరలేదు. మన పెండ్లిండ్లు 1872వ సంవత్సరపు 15వ చట్టము, అంటే భారత క్రైస్తవ వివాహ చట్టము కింద జరుగుతాయి. సరోజినీ గారి పెండ్లి జరిగిన చట్టము పుట్టిన సంవత్సరమే ఇదీ పుట్టింది. రిజిస్టరులో పెండ్లి తేదీ, పేర్లు, వయసు, ముందు పెండ్లి అయిందా లేదా, వృత్తి, నివాసము, తండ్రి పేరు, సాక్షుల సంతకాలు ఉంటాయి. కులమునకు గడి లేదు. ఆనాడు ఆ కవయిత్రి మతము లేదని రాసి ఇచ్చి గాని దాటలేని గీతను మన పిల్లలు క్రైస్తవులముగానే దాటవచ్చు. చట్టము ఆ వాకిలి తెరిచి ఇప్పటికి నూట యాభై ఏండ్లు దాటాయి.

గుడిలో మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. మొదటిది ఎప్పుడు చదవమంటావని బస్సు దిగేటప్పుడు ఆ అన్నను అడిగాను. వరి ఇంటికి వచ్చినాక చెపుతానన్నాడు.